కొండ నడక తర్వాత సూర్యాస్తమయం ఫోటో: వెలుగు కంటే ముందు చేరి, వెలుగు పోయాక దిగడం

శ్రీకాళహస్తిలో భక్త కన్నప్ప గుడి ఉన్న కొండ మీద సాయంత్రం కూర్చుంటే ఒక దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పొద్దు కుంకడానికి ఐదు నిమిషాలుందనగా ఎవరో ఒకరు మెట్లు పరుగున ఎక్కి వస్తారు. రొప్పుతూనే ఫోన్ పైకెత్తి పది ఫోటోలు తీస్తారు. సూర్యుడు కనబడకుండా పోగానే పక్కనున్నవాళ్లు "అయిపోయింది కదన్నా, దిగుదాం పద" అంటారు, దిగిపోతారు. ఆ పది ఫోటోల్లోనూ ఆకాశం తెల్లగా పాలిపోయి, మధ్యలో ఒక చుక్క ఉంటుంది. చాలా ఏళ్లు నేను తీసినవీ అంతే.

తర్వాత నేను మార్చుకున్నవి రెండే. సూర్యుడు మునగడానికి గంట ముందు చోటు చేరడం, మునిగాక కనీసం ఇరవై నిమిషాలు అక్కడే ఉండడం. కెమెరా సెట్టింగులు, లెన్సులు ఈ రెంటి తర్వాతే. కింద చెప్పేదంతా ఆ గంటన్నర వెలుగును చేజారనివ్వకుండా రోజును ఎలా నడపాలన్నదే.

ఏ కొండ, ఏ నెల

మన ప్రాంతంలో కొండలకు కొదవ లేదు, కానీ సాయంత్రం దాకా ఉండనిచ్చేవి కొన్నే. శేషాచలం అడవిలో అనుమతి లేకుండా ట్రెక్కింగ్‌కు వెళ్లొద్దు. అది రక్షిత అడవి, పైగా ఎర్రచందనం దొంగల కోసం నిఘా ఉండే చోటు. చీకట్లో సంచితో కనబడితే మీరు ఫోటోల కోసం వచ్చారని ఎవరూ అనుకోరు. తలకోన వైపు వెళ్తే అటవీశాఖ గేటు దగ్గర వేళలు అడిగాకే ముందుకు కదలండి. తిరుమల నడకదారుల్లో, అంటే అలిపిరి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, 2023లో చిరుత దాడి తర్వాత గుంపులుగా నడవాలని, పిల్లలతో మధ్యాహ్నం రెండు దాటాక నడవొద్దని ఆంక్షలు పెట్టారు. ఆ వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే రోజున కనుక్కోవాలి. తిరుమలలో డ్రోన్ నిషేధం, ఆ ఆలోచనే వద్దు. చంద్రగిరి కోటలో రాజమహల్ గోడల మీద సాయంత్రపు ఎండ చాలా బాగుంటుంది, కానీ అది పురావస్తు శాఖ కట్టడం. ట్రైపాడ్‌కు విడిగా అనుమతి కావాలి, మూసే వేళ కూడా ఉంటుంది.

పాత చిత్తూరు జిల్లాలో రాత్రి అక్కడే ఉండి నింపాదిగా తీసుకోవాలంటే హార్సిలీ హిల్స్ మంచిది. నాలుగు వేల అడుగుల పైన ఎత్తు, ఊరివాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. పగలంతా కొండ మీద నడిచి సాయంత్రానికి అంచున ఉన్న బండల దగ్గరికి చేరుకోవచ్చు. గది అక్కడే కాబట్టి చీకట్లో దిగే టెన్షన్ లేదు.

నాకు మాత్రం శ్రీకాళహస్తి ఎక్కువ ఇష్టం. గుడికి పడమటి పక్కనే స్వర్ణముఖి ఉత్తరం దిక్కుగా పారుతుంది. కన్నప్ప కొండ మీద నుంచి పడమటికి తిరిగితే కింద గుడి గోపురాలు, ఆ పక్కన ఏరు, గాలి తేటగా ఉంటే దూరాన కొండల వరుస. కృష్ణదేవరాయలు కట్టించిన పాత రాజగోపురం 2010లో కూలిపోయింది. 2017లో పూర్తయిన కొత్త గోపురం 144 అడుగులు. దాని శిఖరం సాయంత్రపు ఎండను చివరిదాకా పట్టి ఉంచుతుంది. కొండ చిన్నదే, నడక చాలదంటే తెల్లవారే బయల్దేరి వేయిలింగాల కోన చూసుకుని, తిరిగొచ్చి కన్నప్ప కొండ ఎక్కండి. కాళ్లకు సరిపడా పని ఉంటుంది.

నెల సంగతి. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. రెండు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చిన సాయంత్రం కంటే మంచి సాయంత్రం ఉండదు. గాలిలో దుమ్ము కడుక్కుపోయి కొండలు ఒకదాని వెనక ఒకటి విడివిడిగా కనిపిస్తాయి. స్వర్ణముఖిలో నీళ్లు కూడా ఆ రోజుల్లోనే ఉంటాయి, ఎండాకాలంలో ఇసుకే. ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం మసకబారి, సూర్యుడు అంచును తాకకముందే ఆ మసకలో కరిగిపోతాడు.

సూర్యుడు ఏడాది పొడవునా ఒకేచోట మునగడు. తిరుపతి అక్షాంశంలో డిసెంబరు చివర నడి పడమటికి సుమారు 24 డిగ్రీలు దక్షిణంగా, జూన్ చివర అంతే ఉత్తరంగా మునుగుతాడు. నడి పడమట మునిగేది మార్చి, సెప్టెంబరు నెలల మూడో, నాలుగో వారాల్లో. చెయ్యి చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అంటే ఏడాదిలో సూర్యుడు ఐదు పిడికిళ్ల మేర జరుగుతాడు. శ్రీకాళహస్తి నుంచి తిరుమల కొండలు నడి పడమటికి పన్నెండు డిగ్రీలు దక్షిణంగా పడతాయి. సూర్యుడు సరిగ్గా ఆ దిక్కుకు దిగేది ఫిబ్రవరి మూడో వారంలో, మళ్లీ అక్టోబరు నాలుగో వారంలో. ముక్కంటి ఊరి నుంచి ఏడుకొండల వైపు పొద్దు వాలడం చూడాలంటే ఆ రోజులు రాసి పెట్టుకోండి.

టైము లెక్క

క్యాలెండర్‌లో సూర్యాస్తమయం చూస్తాం కదా, అది ఏ ఊరికి వేసిన లెక్కో చూడండి. విజయవాడకు వేసింది అయితే జూన్‌లో తేడా రాదు, డిసెంబరులో మాత్రం తిరుపతిలో పది నిమిషాలు ఆలస్యంగా మునుగుతుంది. మన దగ్గర నవంబరు చివర 5:45కు కాస్త అటూ ఇటూ, జూలై మొదట్లో 6:45 దగ్గర.

కానీ ఆ టైము చదును నేలకు. పడమట కొండ అడ్డముంటే సూర్యుడు ముందే దాక్కుంటాడు. ఎంత ముందు అన్నది వేళ్లతో కొలవొచ్చు. చెయ్యి పూర్తిగా చాచి, వేళ్లు అడ్డంగా పెట్టి, సూర్యుడి కిందికీ కొండ అంచుకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో లెక్కపెట్టండి. సూర్యుణ్ణి సూటిగా చూడకుండా రెండో చేత్తో మరుగు చేసుకోండి. వేలికి పావుగంట అని చాలాచోట్ల రాసి ఉంటుంది. అది సూర్యుడు ఏటవాలుగా దిగే చలి దేశాల లెక్క. మన దగ్గర నిటారుగా దిగుతాడు కాబట్టి వేలికి ఏడెనిమిది నిమిషాలే. నాలుగు వేళ్లు పట్టాయంటే అరగంట ఉన్నట్టు, గంట కాదు. ఈ తేడా తెలియక మంచి వెలుగు పోగొట్టుకున్న రోజులు నాకున్నాయి.

ఇక వెనక్కి లెక్కేసుకోండి. సూర్యుడు అంచు చాటుకు వెళ్లేది 5:40 అనుకుందాం. 4:40కి చోటు దగ్గర ఉండాలి. సంచితో నడిస్తే గంటకు మూడు కిలోమీటర్లు, ఎక్కుడు ఉంటే ప్రతి 300 మీటర్ల ఎత్తుకు ఇంకో అరగంట కలపండి. ఆ మీద దారి తప్పడానికి, నీడన కూర్చోవడానికి ఒక గంట.

సంచి

బరువు తగ్గించండి. ఫోన్ అయినా కెమెరా అయినా ఒక్కటి చాలు. కెమెరా అయితే ఒక జూమ్ లెన్సు, రెండో బ్యాటరీ. నీళ్లు మనిషికి రెండు మూడు లీటర్లు. పులిహోర, వేయించిన చెనిక్కాయలు, బెల్లం ముక్క. తలకు కట్టుకునే టార్చి తప్పనిసరి, ఫోన్ టార్చిని నమ్ముకుంటే ఫోటోలు అయ్యేసరికి బ్యాటరీ ఉండదు. మెత్తని పాత నూలు గుడ్డ ఒకటి, విడిగా కవర్లో. చెమట తుడుచుకునే తువ్వాలు వేరు.

ఆ గుడ్డ గురించి ఎందుకింత పట్టింపు అంటే, ఒకసారి కొండెక్కే ముందు మెట్ల దగ్గర మసాలా వడ తిని, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని ఫోన్ తీశాను. బొటనవేలు లెన్సు మీద ఆనింది. కంటికి ఏమీ కనబడలేదు. ఆ సాయంత్రం తీసిన ప్రతి ఫోటోలోనూ సూర్యుడి నుంచి ఐమూలగా ఒక వెలుగు గీత ఫ్రేము రెండు అంచులకూ సాగింది. నూనె వేలి గీతల మీద పడిన ఎండ అది. పగటి ఫోటోల్లో తెలియదు, ఎదురెండలోనే బయటపడుతుంది. అప్పటి నుంచి మొదటి ఫోటోకు ముందు లెన్సు మీద నోటి ఆవిరి ఊది, నూలు గుడ్డతో మెల్లగా గుండ్రంగా తుడిచి, పక్కకు వంచి వెలుతురులో చూస్తాను. చెమట మరక మిగిలితే రంగురంగుల చారలా మెరుస్తుంది, ఇంకోసారి తుడుస్తాను.

చేరాక మొదటి పావుగంట

ఏమీ తీయకండి. ఎక్కి వచ్చిన వెంటనే గుండె గట్టిగా కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడం మణికట్టు దాకా వస్తుంది. జూమ్ చేసిన ఫోటోలో అది చాలు మసకకు. కూర్చుని నీళ్లు తాగండి, ఊపిరి కుదుటపడనివ్వండి.

కూర్చునే ముందు చూడండి. సూర్యుడు దిగే గీత మీద కొండ అంచున ఏముంది? పల్లమా, బండా, చెట్టా? పల్లం ఉంటే వెలుగు అక్కడి నుంచి ఇంకాస్త సేపు వస్తుంది. ముందు భాగానికి ఏదో ఒకటి ఎంచుకోండి. తాటిచెట్టు, గోపురం, కొండ మీది బండ, మీతో వచ్చిన మనిషి. ఉత్త ఆకాశం ఎంత బంగారంలా ఉన్నా ఫోటోలో అది ఏ ఊరిదైనా కావొచ్చు. నాలుగైదు అడుగులు అటూ ఇటూ జరిగి, వంగి, లేచి చూడండి. మోకాళ్ల ఎత్తు నుంచి చూస్తే చిన్న మొక్క కూడా ఆకాశం మీదికి వస్తుంది.

సూర్యుడు ఎంత కనిపించాలి

కంటికి పెద్దగా కనిపించిన సూర్యుడు ఫోటోలో నువ్వుగింజంత ఎందుకవుతాడో చాలామందికి అర్థం కాదు. ఫోన్ మామూలు లెన్సులో సూర్యబింబం ఫ్రేము ఎత్తులో నూరో వంతే. ఐదు రెట్ల జూమ్ ఉన్న ఫోన్‌లో సుమారు ఇరవై రెండో వంతు. కెమెరాకు 200 మిల్లీమీటర్ల లెన్సు పెడితే పదమూడో వంతు. కాబట్టి ముందే తేల్చుకోవాలి. విశాలంగా తీస్తే ఆ ఫోటో ఆకాశానిది, నేల మీద పరుచుకున్న వెలుగుది. దాంట్లో సూర్యుడు చిన్నగానే ఉంటాడు, అది తప్పేమీ కాదు. బింబం కావాలంటే జూమ్‌లోకి వెళ్లి, దానికి సరిపోయే చిన్న వస్తువు ఒక్కటి అంచు మీద వెతుక్కోవాలి, ధ్వజస్తంభమో తాటి తలకాయో.

జూమ్‌లో ఇంకో లాభం కొండల వరుసలు. దగ్గరి కొండ నల్లగా, దాని వెనకది ఊదాగా, ఆ వెనకది పలచగా, చివరిది ఆకాశంలో కలిసేలా. మధ్యలో ఉన్న గాలే ఈ పొరలను విడదీస్తుంది. సూర్యుడు ఫ్రేములో లేకున్నా ఆ ఒక్కటి చాలు. మన వైపు కొండలకు నునుపైన పచ్చిక లేదు, మొనదేలిన బండలు, పొదలు. నల్లటి నీడలో ఆ గరుకు అంచే అందం.

ఫోన్‌తో తీసేవాళ్లకు

సూర్యుడి మీద కాకుండా, సూర్యుడి పక్కన మెరుస్తున్న ఆకాశం మీద వేలు పెట్టి అలాగే నొక్కి పట్టండి. ఫోకస్, వెలుతురు రెండూ అక్కడ లాక్ అవుతాయి. తర్వాత పక్కన వచ్చే చిన్న సూర్యుడి గుర్తును కిందికి లాగండి, బంగారు రంగు చిక్కబడేదాకా. నేల నల్లబడుతుంది, పడనివ్వండి. సూర్యుడి చుట్టూ తెల్లటి మచ్చ పెద్దదిగా ఉంటే ఇంకాస్త లాగాలి.

ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునే పద్ధతి) ఉంటే వైట్ బ్యాలెన్స్‌ను, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగును సర్దే సెట్టింగును, ఆటోలో వదలొద్దు. ఫోన్ ఆ పసుపునంతా లోపంగా భావించి దాన్ని సరిదిద్దేస్తుంది, కళ్లముందున్న బంగారం ఫోటోలో బూడిదవుతుంది. 5500 కెల్విన్ దగ్గర పెట్టండి, ఇంకా వెచ్చగా కావాలంటే 6500. ఐఎస్ఓ, అంటే సెన్సార్ వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. రా ఫైలు (ఫోన్ మార్పులేవీ చేయని అసలు ఫోటో) దాచుకునే వీలుంటే దాచుకోండి. మనిషినో చెట్టునో నల్లటి ఆకారంగా తీయాలనుకుంటే హెచ్‌డీఆర్ (వెలుగు, నీడ రెండూ కనిపించేలా ఫోటోలను కలిపే పద్ధతి) ఆపేయండి, లేకపోతే ఫోన్ ఆ నీడను బలవంతంగా వెలిగిస్తుంది.

కెమెరాతో తీసేవాళ్లకు

ముందు కళ్ల సంగతి. డీఎస్ఎల్ఆర్ కంటిరంధ్రంలోంచి జూమ్ లెన్సుతో సూర్యుణ్ణి చూడొద్దు, లెన్సు ఆ వేడినంతా కంట్లోకి పోగుచేస్తుంది. వెనక స్క్రీన్ మీదే చూసుకోండి.

ఐఎస్ఓ 100, ఎఫ్ 8తో మొదలుపెట్టండి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది). సూర్యుడు అంచుకు దగ్గరైనప్పుడు షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 125వ వంతు నుంచి 500వ వంతు మధ్య ఎక్కడో కుదురుతుంది. హిస్టోగ్రామ్ (ఫోటోలో ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) కుడి గోడకు ఆనకుండా చూడండి. ఎరుపు రంగు గీత విడిగా కనిపించే కెమెరా అయితే దాన్నే చూడండి, సాయంత్రం ముందుగా పొంగిపోయేది అదే. రా ఫార్మాట్ పెట్టుకుని, ఒకే దృశ్యాన్ని మామూలుగా ఒకటి, రెండు స్టాపులు తక్కువ ఒకటి, రెండు ఎక్కువ ఒకటి (స్టాపుకు వెలుగు సగమో రెట్టింపో అవుతుంది) తీసి ఉంచితే తర్వాత కలుపుకోవచ్చు.

ఫోకస్ దూరపు కొండ అంచు మీద పెట్టి మాన్యువల్‌కు మార్చేయండి, వెలుగు తగ్గాక ఆటో ఫోకస్ వెతుక్కుంటూ తిరుగుతుంది. ట్రైపాడ్ లేకపోతే సంచిని బండ మీద పెట్టి, దాని మీద కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. గ్రానైట్ బండ మన దగ్గర ఊరికే దొరికే ట్రైపాడ్.

ఆ రెండు నిమిషాలు

సూర్యుడి కింది అంచు కొండను తాకినప్పటి నుంచి పూర్తిగా మునిగేదాకా రెండు నిమిషాల పైన కాస్త, అంతే. అప్పుడు సెట్టింగులు వెతకడం మొదలుపెడితే అయిపోయినట్టే. ముందే కూర్చిన ఫ్రేములోనే ఉండండి. ఎఫ్ 16కు మార్చి, బింబం సగం పైగా అంచు వెనక్కి వెళ్లాక ఒకటి తీస్తే చివరి చినుకంత వెలుగు నుంచి కిరణాలు నక్షత్రంలా వస్తాయి. మనిషిని నిలబెడితే పక్కకు తిరిగి నిలబడమనండి, కాళ్ల మధ్య, చేతికీ ఒంటికీ మధ్య ఆకాశం కనిపించాలి. ఎదురుగా నిలబడితే నల్లటి ముద్దవుతారు. తెలియనివాళ్లయితే ఒక మాట అడిగి తీయండి.

ఒక్కసారి వెనక్కి కూడా తిరగండి. తూర్పు కొండల మీద, గోపురం మీద పడే వెలుగు చాలాసార్లు పడమటికంటే మిన్నగా ఉంటుంది. పౌర్ణమి నాడైతే ఇటు సూర్యుడు దిగుతుండగానే అటు చంద్రుడు లేస్తాడు. కొండ ఎక్కడానికి నేను వీలైతే పౌర్ణమినో దాని ముందు రోజునో ఎంచుకుంటాను. దిగేటప్పుడు కూడా ఆ వెన్నెల తోడుంటుంది.

మునిగాక

ఇక్కడే అందరూ దిగిపోతారు, ఇక్కడే అసలు రంగు మొదలవుతుంది. సాయంత్రం ఎండ గాలిపొరల్లో చాలా దూరం వస్తుంది కాబట్టి నీలం దారిలోనే చెదిరిపోయి పసుపు, ఎరుపు మిగులుతాయి. సూర్యుడు మన అంచు కిందికి వెళ్లినా ఎత్తున ఉన్న మేఘాలకు ఇంకా కనబడుతూనే ఉంటాడు. వాటి పొట్టల మీద కిందనుంచి వెలుగు పడుతుంది. మునిగిన ఐదు నుంచి పదిహేను నిమిషాల మధ్య ఆ సంజ కెంజాయ ముదురుతుంది. పల్చటి దూది పింజల్లాంటి ఎత్తు మేఘాలుంటే అస్సలు కదలొద్దు. పడమటి అంచున దట్టంగా మబ్బు గోడ కట్టి ఉంటే మాత్రం రంగు రాదు, త్వరగా దిగడం మంచిది.

పావుగంట దాటాక ఎఫ్ 8 దగ్గర షట్టర్ సెకనులో ఆరో వంతు, ఎనిమిదో వంతుకు వస్తుంది. చేత్తో పట్టి తీసే వేళ కాదు, బండకో సంచికో ఆనించండి. ఫోన్ అయితే నైట్ మోడ్, అదీ ఆనించే. కింద ఊళ్లో దీపాలు వెలిగి, ఆకాశంలో ఇంకా వెలుగున్న ఆ ఐదారు నిమిషాల్లో గుడి దీపాలతో కలిపి ఒక్క ఫోటో తీయండి.

దిగడం

మన దగ్గర సంధ్య పొట్టిది. మునిగిన ఇరవై నిమిషాలకు మెట్టు అంచు ఆనవాలు తెలియడం కష్టమవుతుంది. కెమెరా సంచిలో పెట్టి జిప్ వేశాకే అడుగు వేయండి, మెడలో వేలాడుతుంటే చూపు దాని మీదికే పోతుంది. టార్చి నడుము ఎత్తున పట్టుకుంటే రాళ్ల నీడలు పొడుగ్గా పడి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. బండల మీది గులకరాళ్లు జారతాయి, మోకాళ్లు కాస్త వంచి చిన్న అడుగులు వేయాలి. హార్సిలీ హిల్స్ వైపు ఎలుగుబంట్లు తిరుగుతాయి, మాట్లాడుకుంటూ నలుగురూ కలిసి నడవండి. ఒంటరిగా వెళ్లేవాళ్లు చీకటి పడేదాకా ఉండే ఆలోచన మానుకోవాలి, ఎంత మంచి ఆకాశమైనా సరే.

ఇంటికొచ్చాక

అదే రాత్రి ఎడిటింగ్‌కు కూర్చోకండి. అలసిన కళ్లు రంగును ఎక్కువ కోరుకుంటాయి. మర్నాడు పగటి వెలుతురులో చూడండి. అంచు గీత వంకర సరిచేయండి, హైలైట్స్ (బాగా వెలిగిన చోట్లు) తగ్గించండి, నీడలు కొద్దిగా మాత్రమే తేల్చండి. శాచురేషన్ (రంగుల గాఢత) మీటను ముట్టుకోకుండా ముందు వైట్ బ్యాలెన్స్‌తో ప్రయత్నించండి. పసుపు, నారింజ మధ్య తేడా కనిపించినంత వరకే అది బంగారం. రెండూ కలిసి ఒకే ముద్దయిపోతే పదడుగులు వెనక్కి రావాలి.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, నిలబడిన చోటు, సూర్యుడు అంచు మీద ఎక్కడ దాక్కున్నాడో, క్యాలెండర్ టైముకు ఎన్ని నిమిషాలు ముందో రాయండి. నా పుస్తకంలో డిసెంబరు పేజీలో "మూడో మెట్ల మలుపు, తాటిచెట్టుకు కుడిపక్క రెండు వేళ్లు" అని ఉంది. వచ్చే డిసెంబరులో ఆ చెట్టు వెనకే బింబం దిగాలంటే నేను ఎటు జరగాలో ఆ రెండు వేళ్లే చెప్తాయి.